ధర లేని ప్లాస్టిక్కే కాలువలోకి వస్తోంది: బందరు కాలువ గట్టున మా గేటు డైరీ

మే నెల, కాలువ కట్టేసిన రోజులు

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువలకు నీళ్లు ఆపేశారు. బందరు కాలువ అడుగు కనిపిస్తోంది. నీళ్లు పారుతున్నప్పుడు పైన తేలే నాలుగు సీసాలు, గుర్రపుడెక్క మాత్రమే కంటికి ఆనుతాయి. అడుగున ఏముందో ఇప్పుడు చూస్తే కడుపు తరుక్కుపోతోంది. యనమలకుదురు వైపు మా వీధి చివర, మురుగుకాలువ పెద్ద కాలువలో పడే చోట, ఎండి పగుళ్లిచ్చిన బురదలో కవర్లు పొరలు పొరలుగా ఉన్నాయి. గునపంతో ఒక పెళ్ల పెకలించాం. మట్టికీ మట్టికీ మధ్య పాల ప్యాకెట్లు, షాంపూ ప్యాకెట్లు, గుట్కా ప్యాకెట్లు. కొన్నింటి మీద అక్షరాలు ఇంకా చదవడానికి వీలుగా ఉన్నాయి. గట్టు మీద ఎండలో పడి ఉన్న కవర్ల సంగతి వేరు. పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతున్నాయి. రాలిపోయిందంటే మట్టిలో కలిసిపోయిందని కాదు. ఎండకు, రాపిడికి ముక్కలైందంతే. 5 మిల్లీమీటర్ల కన్నా చిన్నవైపోయిన ఆ ముక్కల్నే మైక్రోప్లాస్టిక్ అంటారు. ఆ తర్వాత వాటిని ఏరడం ఎవరి తరమూ కాదు.

ఈ కాలువలు మురుగు మోయడానికి తవ్వినవి కావు. 1855లో కృష్ణ మీద పాత ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఇవి డెల్టాకు సాగునీళ్లు ఇస్తున్నాయి. ఆ ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. బందరు కాలువ నీళ్లు కంకిపాడు, ఉయ్యూరు మీదుగా బందరు దాకా వెళ్తాయి. దారి పొడవునా పొలాలు తడుపుతాయి, మంచినీళ్ల చెరువులు నింపుతాయి. ఉయ్యూరు దగ్గర మా బాబాయి వాళ్లకు పొలం ఉంది. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు చక్రాలకు కవర్లు చుట్టుకుంటాయని ఆయన ఎప్పటినుంచో అంటున్నాడు. "మీ బెజవాడ నుంచి మాకు నీళ్లతో పాటు ఇవి కూడా వస్తాయమ్మా" అన్నాడు మొన్న ఫోన్‌లో. ఆ మాట ఇంకా మనసులోంచి పోలేదు.

అందుకే ఈ వేసవిలో పని మొదలుపెడుతున్నాం. పెద్ద కాలువ జోలికి వెళ్లడం లేదు. అది జలవనరుల శాఖది. అందులో ఏదైనా అడ్డం పెడితే నీటి పారుదలకు ఇబ్బంది, గుర్రపుడెక్క వచ్చి మోపు కట్టేస్తే కట్టకే ప్రమాదం. మా వీధి మురుగుకాలువ పెద్ద కాలువలో పడే మూతి దగ్గరే ఒక అడ్డు పెట్టి ప్లాస్టిక్‌ని ఆపాలి. వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి కాగితం రాసిచ్చాం. ఆయన వచ్చి చూశారు. వానాకాలంలో నీళ్లు నిలబడకుండా ఉంటేనే పెట్టుకోండి అన్నారు. న్యాయమైన షరతు.

జూన్, ఆటోనగర్‌లో

మా వీధిలో ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలు ముగ్గురు తోడయ్యారు. ముందు చేపల వల కడదామన్నారు. ఖర్చు తక్కువ, కట్టడం తేలిక. కానీ వల తెగితే ఆ ముక్క కూడా కాలువలో పడే ప్లాస్టిక్కే. తెగిన నైలాన్ వలలు చేపల్నీ తాబేళ్లనీ చుట్టి చంపుతాయి. కృష్ణ సముద్రంలో కలిసే తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వద్దనుకుని ఇనుప ఊచల గేటుకే మొగ్గాం.

మురుగుకాలువ మూతి నాలుగడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల లోతు. రెండువైపులా కాంక్రీటు గోడలు. ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపు ఆయనకు బొమ్మ గీసి చూపిస్తే, ఆయన దాన్ని పక్కన పెట్టి, నేరుగా వచ్చి కాలువ చూశాడు. అదే మంచిదైంది. గేటు నిటారుగా పెడితే కవర్లు ఊచలకు అతుక్కుని అద్దంలా మూసేస్తాయని, వెనక్కి వాల్చి పెడితే నీటి తోపుకే చెత్త పైకి ఎక్కుతుందని, పారతో లాగడం కూడా సులువని చెప్పాడు. ఎల్ యాంగిల్ ఫ్రేము, 12 ఎం.ఎం. ఊచలు, ఊచకీ ఊచకీ మధ్య అంగుళంపావు సందు. గోడలకు కొక్కేలు బిగించి గేటును అందులో దింపాం. అవసరమైతే ఇద్దరు మనుషులు పైకి ఎత్తి తీసేయవచ్చు. గేటు పైఅంచు గోడ కన్నా అడుగు కిందికే ఉంచాం. కుండపోత వాన పడి ఊచలు మూసుకుపోయినా నీళ్లు గేటు మీద నుంచి పొర్లి పోతాయి తప్ప ఇళ్లలోకి ఎదురు తన్నవు.

ఈ అడుగు ఖాళీ గురించి వీధిలో చాలా చర్చ జరిగింది. పొర్లే నీళ్లతో చెత్త పోదా అని అడిగారు. కొంత పోతుంది. పోనివ్వాల్సిందే. 2024 సెప్టెంబరు తర్వాత ఈ ఊళ్లో నీళ్లు నిలబడతాయేమో అనే టెన్షన్ అందరికీ ఉంది. అప్పుడు సింగ్‌నగర్ మునిగింది బుడమేరు గండ్ల వల్ల, దాన్ని కవర్ల మీదికి తోయడం సరికాదు. కానీ మామూలు వానకు కూడా మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచేది మాత్రం మురుగుకాలువలో ఇరుక్కున్న ప్లాస్టిక్ వల్లే. తూము పైపు నోట్లో ఒక్క థర్మాకోల్ షీటు అడ్డం పడితే చాలు, దాని వెనక కవర్లు, ఆకులు, బురద అన్నీ చేరి గట్టి అడ్డుకట్ట తయారవుతుంది.

రెడ్ ఆక్సైడ్ వేసి, పైన నల్ల ఎనామిల్ పూశాం. కాలువకు నీళ్లు వదలక ముందే గేటు దిగింది.

జూలై, మొదటి వానలు

గేటు పనిచేస్తోంది. అయితే అసలు పని గేటుది కాదు, గేటు దగ్గర చెత్త తీసే మనిషిది. వీధి ఊడ్చే అక్క మొదటి వారంలోనే మొహం మీద అడిగింది: "గేటు మీరు పెట్టారు, బాగానే ఉంది. రోజూ అందులో దిగి తియ్యాల్సింది మేమే కదమ్మా?" ఆమె అన్నదాంట్లో తప్పు ఏముంది? పారిశుధ్య కార్మికుల వంతుకు వచ్చే పనిలో ఇప్పటికే సిరంజి సూదులు, పగిలిన మందు సీసాలు, వాడి పారేసిన డైపర్లు ఉంటాయి. ఇంకొక బరువు వాళ్ల నెత్తిన పెట్టడానికి ఈ గేటు పెట్టలేదు. కాబట్టి ఇళ్ల వాళ్లమే వంతులు వేసుకున్నాం. పొద్దున్నే పొడుగు చేతుల గ్లోవ్స్ వేసుకుని, గట్టు మీద నిలబడి పొడవాటి పంజాతో లాగుతాం. ఎవరూ మురుగులోకి దిగకూడదు, అదొక నియమం. నీళ్లు ఓడ్చుకున్నాక బస్తాల్లో వేసి పెడితే కార్పొరేషన్ బండి తీసుకెళ్తుంది.

బండికి ఇచ్చే ముందు మేం ఒక పని చేస్తున్నాం. పరదా పరిచి, ఏది ఎంత వచ్చిందో విడదీసి చూస్తున్నాం. ఈ డైరీ మొదలుపెట్టింది నిజానికి దీని కోసమే.

నీళ్ల సీసాలు బోలెడు వస్తాయని అందరం అనుకున్నాం. రావడం లేదు. వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. బస్తాలో సగానికి పైగా పల్చటి కవర్లు. కూరలు, సాంబారు, చట్నీ కట్టిచ్చిన చిన్న కవర్లు, వాటి మెడకు బిగించిన రబ్బరు బ్యాండ్లు కూడా అలాగే ఉన్నాయి. టీ పార్శిల్ కవర్లు. ఆ తర్వాత చిప్స్, బిస్కెట్ ప్యాకెట్లు. పేపర్ గ్లాసులు కూడా ఎక్కువే. వాటికి పేపర్ అని పేరే గాని, టీ కారకుండా లోపల సన్నటి పాలిథీన్ పూత ఉంటుంది. కాగితం నాని ఊడిపోయి ఆ పొర ఒక్కటే ఊచకు వేలాడుతూ కనిపిస్తోంది. డైపర్లు, ప్యాడ్లు నీళ్లు పీల్చుకుని బండరాళ్లంత బరువున్నాయి.

సీసాలు ఎందుకు లేవో పాత సామాన్ల కొట్టు బాబాయి రెండు ముక్కల్లో తేల్చేశాడు: "సీసా నేను కొంటాను. కవరు నేను కొనను." అంతే. తెల్లవారకముందే భుజాన సంచి వేసుకుని వచ్చేవాళ్లు మా వీధిలో నీళ్ల సీసాలు, గట్టి ప్లాస్టిక్ డబ్బాలు, కడిగిన పాల కవర్లు అన్నీ ఏరుకుపోతారు. వాళ్లు వదిలేసిందే కాలువలోకి వస్తోంది. ఈ ఊరు కాస్తయినా శుభ్రంగా ఉందంటే ఆ మనుషుల కష్టం వల్లే. వాళ్లకు జీతం లేదు, చేతికి గ్లోవ్స్ లేవు.

వంటింటి త్రాసు మీద తూచి చూశాం. ఒక్కో కూర కవరు ఒకటిన్నర గ్రాము లోపే తూగింది. కిలో కావాలంటే ఏడు వందల పైచిలుకు కవర్లు ఏరాలి. అదీ నూనె, పులుసు కడిగి, ఆరబెట్టి. ఏ మనిషి నడుం వంచుతాడు? ప్రపంచం మొత్తానిదీ ఇదే కథ. 1950 నుంచి 2015 దాకా తయారైన ప్లాస్టిక్ 830 కోట్ల టన్నులని 2017లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అందులో 630 కోట్ల టన్నులు చెత్తగా మారితే, మళ్లీ వాడకానికి వచ్చింది 9 శాతమే. 12 శాతం కాల్చారు. మిగిలిన 79 శాతం చెత్త దిబ్బల్లోనూ నేల మీదా నీళ్లలోనూ ఉంది. ఈ అంకెలు ఎప్పుడో చదివాను. పరదా మీద బస్తా గుమ్మరించాక గాని అవి నాకు కనిపించలేదు.

ఆగస్టు, బకెట్టు, స్క్రూ గేజ్

గేటు ఆపుతున్నది కాలువలోకి వెళ్లేదాంట్లో ఎంత? దీనికి జవాబు కోసం పిల్లలు బకెట్టు నీళ్లతో ఒక పరీక్ష చేశారు. ఇంట్లో ఎవరైనా చేసి చూడవచ్చు. ప్రతి రకం ప్లాస్టిక్‌ని గోరంత ముక్కలు కోసి నీళ్లలో వేసి, గాలి బుడగలు అంటుకోకుండా వేలితో ఒకసారి ముంచి వదలాలి.

సీసా మూత తేలింది, సీసా ముక్క మునిగింది. ఒకే వస్తువు, రెండు దారులు. సీసా పెట్ అనే రకం ప్లాస్టిక్‌తో చేస్తారు, అది నీటి కన్నా బరువు, నీటి సాంద్రత 1 అనుకుంటే దీనిది 1.38 దాకా ఉంటుంది. మూత పాలిథీన్ గాని పాలీప్రొపిలీన్ గాని, రెండూ నీటి కన్నా తేలికే. అంటే మూత బిగించి పారేసిన సీసా గాలితో తేలుతూ గేటు దాకా వస్తుంది, మూత తీసి పారేసింది నీళ్లు నిండి మధ్యలోనే అడుగుకు చేరుతుంది. షాంపూ ప్యాకెట్ ముక్క మునిగింది. దాంట్లో పెట్, అల్యూమినియం, పాలిథీన్ పొరలు ఒకదానికొకటి అంటించి ఉంటాయి. కూర కవరు ముక్క తేలింది. కానీ వారం పాటు మురుగులో ఉన్న కవరు తెచ్చి వేస్తే, దానికి పట్టిన బురద, పాచి బరువుకు అదీ మునిగింది.

కాబట్టి నీటి మీద తేలుతూ కనిపించే చెత్త మొత్తంలో ఒక భాగమే. నది మీద తేలే అడ్డుపైపులు కట్టి ప్లాస్టిక్ తీశామని వచ్చే ఫొటోలు చూసినప్పుడు ఇప్పుడు నాకు అడుగున వెళ్లిపోయిందే గుర్తొస్తోంది. మా గేటు ఊచలు కాలువ అడుగు దాకా దిగి ఉన్నాయి కనుక మునిగినవి కూడా కొన్ని ఆగుతున్నాయి. చిన్న సాషేలు, అంటే షాంపూ ప్యాకెట్లలాంటివి, మాత్రం అంగుళంపావు సందులోంచి జారిపోతున్నాయి. సందు తగ్గిస్తే ఆకులతోనే మూసుకుపోతుంది. సాషేని ఆపే గేటు మురుగుకాలువలో పెట్టలేం. దాన్ని మురుగుకాలువ దాకా రాకుండానే ఆపాలి.

రెండో పరీక్ష కవర్ల మందం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఫిజిక్స్ ల్యాబ్‌లో మందం కొలిచే స్క్రూ గేజ్ పది మైక్రాన్ల తేడాను కూడా చూపిస్తుంది. పల్చటి కవరుని ఎనిమిది పొరలు మడిచి, కొలిచి, ఎనిమిదితో భాగిస్తే సరిపోతుంది. చట్టం ప్రకారం చేతి సంచీలా ఇచ్చే కవరు 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు తగ్గకూడదు. మా గేటుకు చిక్కిన చేతి కవర్లలో 120కి దగ్గరగా వచ్చింది ఒక్కటీ లేదు. చాలావరకు అందులో నాలుగో వంతు మందం కూడా లేవు.

మందం పెంచితే ప్లాస్టిక్ ఇంకా ఎక్కువ వాడినట్టే కదా అని మా పక్కింటి మాస్టారు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. 120 మైక్రాన్ల కవరు ఖరీదు ఎక్కువ. కొట్టు వాడు దాన్ని ఊరికే ఇవ్వలేడు. ఒకవేళ ఇచ్చినా కొన్నవాళ్లు దాన్ని దాచుకుని మళ్లీ వాడతారు. పారేసినా బరువుంటుంది కనుక ఏరుకునేవాళ్లు వంగి తీస్తారు. పాత సామాన్ల కొట్టు బాబాయి రెండు ముక్కల్లో చెప్పిందాన్నే ఆ నిబంధన అంకెల్లో చెబుతోంది. అమలు చేస్తే ఎంత బాగుండేది!

"భూమిలో కలిసిపోయే కవర్లు" అని ఆకుపచ్చ అక్షరాలతో ఉన్నవి కూడా కొన్ని చిక్కాయి. నిజమైన కంపోస్టబుల్ కవరు కూడా కాలువలో కరిగిపోదు. వాటికి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష 58 డిగ్రీల వేడి ఉండే కంపోస్టు గుట్టలో జరుగుతుంది. బందరు కాలువ అడుగున ఆ వేడి ఎక్కడిది?

సెప్టెంబరు చివర, దసరా రోజులు

గేటు దగ్గర నుంచి మురుగుకాలువ వెంట వెనక్కి నడుస్తూ వెళ్తే మా వీధి మొదట్లో కర్రీ పాయింట్ ఉంది. భార్యాభర్తలు ఇద్దరే నడుపుకుంటారు. వాళ్ల వంకాయ కూర లేకపోతే మా వీధిలో సగం ఇళ్లలో, హాస్టళ్లలో అన్నం దిగదు. వాళ్లను దోషుల్లా చూడకూడదని ముందే అనుకుని వెళ్లాం. ఆమె చెప్పిన మాట: "కవరు నాకేమైనా ఇష్టమా అమ్మా? ఉడుకు సాంబారు పోస్తుంటే నాకే భయం వేస్తుంది. గిన్నె తెమ్మంటే పక్క కొట్టుకు పోతారు."

వేడికి ప్లాస్టిక్‌లో కలిపిన రసాయనాలు తిండిలోకి దిగడం ఎక్కువవుతుంది. నూనె ఉంటే మరీనూ. ఆమెకు భయం వేయడంలో అర్థం ఉంది. పక్క కొట్టుకు పోతారన్న భయం కూడా నిజమే. అందుకని రెండు కొట్ల వాళ్లనూ కలిపి కూర్చోబెట్టాం. క్యారేజీ గాని గిన్నె గాని తెచ్చుకున్నవాళ్లకు ఇద్దరూ గరిటెడు కూర ఎక్కువ వేస్తారు. ధర తగ్గించడం కన్నా ఇది నచ్చింది జనానికి. ఇంట్లోంచి నడిచొచ్చేవాళ్లు తొందరగానే అలవాటు పడ్డారు. ఆఫీసు నుంచి బండి మీద నేరుగా వచ్చేవాళ్లు, హాస్టల్ కుర్రాళ్లు ఇంకా కవర్లే అడుగుతున్నారు. వాళ్ల కోసం డిపాజిట్ మీద స్టీలు డబ్బాలు పెట్టాం. కొన్ని తిరిగి వస్తున్నాయి, కొన్ని రావడం లేదు. డిపాజిట్ డబ్బా ఖరీదుకు సరిపడా పెంచాల్సి ఉంటుంది.

బస్తాలో మార్పు కనబడుతోంది. కూర కవర్లు ఇప్పుడు మొదటి స్థానంలో లేవు. టీ కొట్టు గ్లాసులు ఆ స్థానంలోకి వచ్చాయి. దుర్గమ్మ గుడికి దీక్ష పట్టి వచ్చే భవానీల రద్దీ రోజుల్లో వాటర్ ప్యాకెట్లు కూడా పెరిగాయి. వాళ్లు ఎక్కడెక్కడి నుంచో నడిచి వస్తారు, దాహానికి నీళ్లు ఇవ్వడం పుణ్యం. ఆ నీళ్లు కుండలో, స్టీలు గ్లాసుతో ఇచ్చిన పాత చలివేంద్రాలు మా చిన్నతనంలో ఈ రోడ్డు మీదే ఉండేవి. వచ్చే దసరాకు మా వీధి మొగలో ఒకటి పెడతామని కుర్రాళ్లు ఒప్పుకున్నారు.

నవంబరు

ఎవరూ కొననివాటిని ఏం చేయాలన్నది మిగిలింది. పొరల ప్యాకెట్లను సిమెంటు ఫ్యాక్టరీల కొలిమిలో బొగ్గుతో పాటు కాల్చవచ్చు. అక్కడ వేడి 1,400 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి విషవాయువులు చాలావరకు విరిగిపోతాయి. జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. కానీ ఒక వీధి బస్తాలు వాళ్లకు దేనికీ చాలవు. ఊరంతటి నుంచి పొడి చెత్త విడిగా చేరి, బేళ్లు కట్టి, లారీ నిండితేనే అది సాగుతుంది. అది కార్పొరేషన్ చేయగల పని. మేం చేయగలిగింది పొడిది తడిలో కలవకుండా విడిగా ఇవ్వడం. చలికాలం పొద్దున్నే రోడ్డు పక్కన ఆకులతో పాటు కవర్లు తగలబెట్టడం మాత్రం మా వీధిలో ఆగిపోయింది. అందులో పైపుల్లాంటివి చేసే పీవీసీ ముక్క ఒక్కటి ఉన్నా హైడ్రోక్లోరిక్ ఆమ్లం పొగ, డయాక్సిన్లు అనే విషాలు వస్తాయి, పీల్చేది ఎదురింటి పసిపిల్లలే అని చెబితే విన్నారు.

పక్క వీధి వాళ్లు గేటు చేయించుకుంటామని వచ్చారు. వాళ్లకు రాసిచ్చిందే ఇక్కడా రాస్తున్నాను. ముందు మురుగుకాలువ మూతి వెడల్పు, లోతు కొలవండి. వాన పడుతున్నప్పుడు నీళ్లు ఎంత ఎత్తు వస్తాయో గోడ మీద సుద్దతో గీత పెట్టుకోండి. గేటు పైఅంచు, గోడ అంచు మధ్య ఖాళీ ఎంత వదలాలో ఆ గీతే చెబుతుంది. ఊచల సందు అంగుళంపావుకు తగ్గించకండి. గేటు కొక్కేల్లో దిగేలాగే ఉండాలి, గోడకు వెల్డింగ్ చేయవద్దు. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి దాన్ని ఎత్తి పక్కన పెట్టే ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు వీధిలో అందరి దగ్గరా ఉండాలి. పొద్దున చెత్త తీసే వంతులు ఎవరెవరివో కాగితం మీద రాసి పెట్టుకున్నాకే వెల్డింగ్ షాపుకు వెళ్లండి.